సరాయెవో: వక్ఫులు కట్టిన రాజధాని

ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధం పాఠం వచ్చిన ప్రతిసారీ నల్లబల్ల మీద ఒకే వాక్యం రాసేవాణ్ణి: 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ సెరాజివోలో హత్యకు గురయ్యాడు. పిల్లలు తేదీ బట్టీ పట్టేవారు, నేను మార్కు వేసేవాణ్ణి. ఆ ఊరు ఎలా ఉంటుంది, అక్కడ ఎవరుంటారు అని ఏ పిల్లవాడూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. ఆ పేరులో మనకు బాగా తెలిసిన 'సరాయి' అనే మాట ఉందన్న సంగతి ఉద్యోగ విరమణ చేశాక గానీ నా బుర్రకు తట్టలేదు.

జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, "అబ్బా, పారిస్ చూస్తారా, రోమ్ చూస్తారా?" అన్నాడు. సరాయెవో చూపించమన్నాను. వాడు ఒకసారి నా ముఖం చూసి ఏమీ అనకుండా టిక్కెట్లు తీశాడు. జూన్ చివరి వారంలో ఐదు రోజులు అక్కడ ఉన్నాం. ఈ సంచిక కోసం సంపాదకులు యాత్రానుభవం రాయమన్నారు. నాకు చేతనైంది పాఠం చెప్పడమే కనుక దీన్ని పాఠంగానే చదువుకోండి. వెళ్ళగలిగిన వారికి దారి చూపడానికి పనికొస్తుంది. వెళ్ళలేని వారికి ఇంట్లో కూర్చునే ఒక ఊరు తెలుస్తుంది.

పేరు, చోటు

బోస్నియా-హెర్జెగొవీనా దేశానికి సరాయెవో రాజధాని. మన పుస్తకాల్లో సెరాజివో, సరాజెవో అని రకరకాలుగా ఉంటుంది గానీ, అక్కడి వారు పలికేది సరాయెవో అనే. నాలుగు వైపులా కొండలు, మధ్యలో సన్నని లోయ, లోయలో మిల్యాత్‌స్కా అనే చిన్న నది. నదిని చూసి ఆశ్చర్యపోకండి. వేసవిలో మన ఊరి పెద్ద కాలువకన్నా ఎక్కువేమీ ఉండదు. ఊరు ఆ నది వెంబడి తూర్పు నుంచి పడమరకు పొడవుగా సాగుతుంది. తూర్పు కొసన తుర్కుల కాలం నాటి పాతబస్తీ, ఆ తర్వాత ఆస్ట్రియా వారు కట్టిన వీధులు, ఇంకా పడమరకు పోతే కమ్యూనిస్టుల కాలం నాటి అపార్టుమెంట్లు. చరిత్రను కాలక్రమంలో చదవాలంటే పుస్తకం అక్కర్లేదు, తూర్పు నుంచి పడమరకు నడిస్తే చాలు. 2013 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 2,75,524. అంటే మన జిల్లా కేంద్రాల్లో ఒక దానంత.

15వ శతాబ్దంలో ఉస్మానియా సుల్తానుల తరఫున ఈ ప్రాంతాన్ని పాలించిన ఈసా బేగ్ ఇసాకోవిచ్ ఇక్కడ తన నివాసం కట్టించుకున్నాడు. దాన్నే 'సరాయ్' అన్నారు. మనం సరాయి అంటే బాటసారులు దిగే సత్రం అనుకుంటాం. తుర్కీ భాషలో అది రాజభవనం. రెంటికీ మూలం ఫార్సీ మాటే. సరాయ్ చుట్టూ ఉన్న మైదానం 'సరాయ్ ఒవాసి' అయింది, అదే నలిగి సరాయెవో అయింది.

ఈసా బేగ్ 1462లో రాయించిన వక్ఫ్‌నామాను ఈ నగరానికి జన్మపత్రంగా భావిస్తారు. అందులో నది మీద వంతెన ఉంది, హమామ్ ఉంది, వర్తకుల బిడారులు దిగే ఖాన్ ఉంది, బీద విద్యార్థులకూ బాటసారులకూ బస, భోజనం ఇచ్చే ముసాఫిర్‌ఖానా ఉంది. హమామ్, దుకాణాల వంటి వాటి ఆదాయంతో మిగిలినవి నడవాలి. కోటగోడతో మొదలైన ఊళ్ళు చాలా చూశాను. దానపత్రంతో మొదలైన రాజధాని నా ఎరుకలో ఇదొక్కటే.

హుస్రెవ్ బేగ్ లెక్క

ఊరికి పునాది వేసినవాడు ఈసా బేగ్ అయితే, ఊరిని ఊరుగా నిలబెట్టినవాడు గాజీ హుస్రెవ్ బేగ్. మన ఉచ్చారణలో ఖుస్రో బేగ్. తల్లి సుల్తాన్ రెండవ బాయజీద్ కూతురు. 1521లో బోస్నియా పాలకుడిగా వచ్చాడు. మధ్యలో కొంతకాలం తప్ప 1541లో చనిపోయే దాకా ఇక్కడే ఉన్నాడు. 1531లో పూర్తయిన ఆయన మస్జిదు పాతబస్తీ నడిబొడ్డున నేటికీ ఉంది. ఆవరణలో ఫౌంటెన్, దాని మీద చెక్క గొడుగు, చుట్టూ పెద్ద చెట్లు. ఐదు పూటలా నమాజు జరుగుతుంది. నమాజు లేని వేళల్లో యాత్రికులు వస్తూ పోతూ ఉంటారు.

నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం మస్జిదు ముందు కాదు, దానికి కొంచెం అవతల ఉన్న బెజిస్తాన్ ముందు. బెజిస్తాన్ అంటే రాతితో కట్టిన కప్పు బజారు. పొడవైన నడవ, రెండు వైపులా చిన్న చిన్న కొట్లు. ఇప్పుడు అందులో సంచులు, నల్లకళ్ళద్దాలు, గొలుసులు అమ్ముతున్నారు. చూడటానికి మామూలు బజారే. కానీ హుస్రెవ్ బేగ్ పథకం అంతా ఈ కొట్లలోనే ఉంది. కొట్లు, ఖాన్, హమామ్ అద్దెలు తెస్తాయి. ఆ అద్దెల మీద మస్జిదు, మదర్సా, అన్నదాన వంటశాల, ముసాఫిర్‌ఖానా నడుస్తాయి. ఇమాముకు, ముఅజ్జిన్‌కు, వంటవాడికి, ఊడ్చేవాడికి జీతాలు అక్కణ్ణుంచే. ధనికుడు బతికున్నన్నాళ్ళు ఇచ్చి, పోయాక ఆగిపోయే దానం కాదిది. దాత పోయి 480 ఏళ్ళు దాటినా అద్దె వస్తూనే ఉంది.

మదర్సాకు 1537లో వక్ఫ్‌నామా రాయించాడు. తల్లి సల్జూకా పేరు మీద దాన్ని సల్జూకియా అన్నారు. పైకప్పు మీద సీసపు రేకులున్నందున జనం 'కుర్షుమ్లీ', అంటే సీసపు మదర్సా అని పిలిచారు. ఆ పత్రంలో ఒక చిన్న షరతు ఉంది: కట్టడానికి కేటాయించిన డబ్బులో మిగిలిన దానితో మంచి పుస్తకాలు కొని, మదర్సాలో చదువుకొనే వారికీ ఎత్తిరాసుకొనే వారికీ అందుబాటులో పెట్టాలి. బిల్డింగు ఫండులో మిగులు ఉంటుందని ఊహించడమే మన కమిటీలకు వింతగా తోస్తుంది, ఆ మిగులును పుస్తకాలకు రాసిపెట్టడం ఇంకా వింత. ఆ ఒక్క షరతు నుంచి పుట్టిందే గాజీ హుస్రెవ్ బేగ్ గ్రంథాలయం. అరబీ, తుర్కీ, ఫార్సీ, బోస్నియా భాషల్లో సుమారు 10,000 చేవ్రాత సంపుటాలు ఇప్పుడు అందులో ఉన్నాయి. అన్నిటికన్నా పాతది ఇమామ్ గజాలీ 'ఇహ్యా'లోని ఒక భాగం. 1105 ప్రాంతంలో, అంటే గజాలీ బతికుండగానే రాసిన ప్రతి అది. మదర్సా కూడా నడుస్తూనే ఉంది. అక్కడ అబ్బాయిలూ అమ్మాయిలూ చదువుతున్నారు.

వక్ఫ్ అనే మాట వినగానే మనకు గుర్తొచ్చేవి కోర్టు వాయిదాలు, ఆక్రమణలు, కంచె లేని శ్మశానాలు. బోస్నియాలో 'వకుఫ్' అనేది ఊళ్ళ పేర్లలో కలిసిపోయింది. గోర్ని వకుఫ్, దోని వకుఫ్, కులెన్ వకుఫ్ అని ఊళ్ళున్నాయి. అక్కడంతా సజావుగా జరిగిందని కూడా అనుకోకండి. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత యుగోస్లావియా కమ్యూనిస్టు ప్రభుత్వం వక్ఫ్ ఆస్తుల్లో అధిక భాగాన్ని జాతీయం చేసేసింది. వాటిలో చాలావాటి సంగతి ఇంకా తేలలేదు.

బాష్‌చార్షియాలో ఒక పూట

పాతబజారు పేరు బాష్‌చార్షియా. 'బాష్' అంటే తల, ప్రధానం. 'చార్షీ' అనేది ఫార్సీలోని 'చార్ సూ' నుంచి వచ్చింది, నాలుగు దిక్కులు అని అర్థం. చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌కు పాతపేరు 'చార్ సూ కా హౌజ్' అని హైదరాబాదు పెద్దవాళ్ళు చెబుతారు. ఆ చార్ సూనే ఇదీ. ఇక్కడ కూడా కూడలిలో నీళ్ళున్నాయి. సెబీల్ అనే చెక్క ఫౌంటెన్, దాని చుట్టూ వందల పావురాలు. మొదటిది 1753లో మెహ్మెద్ పాషా కుకావిత్సా కట్టించాడు. ఇప్పుడున్నది ఆస్ట్రియా పాలనలో కట్టినది. ఆ నీళ్ళు తాగినవాడు మళ్ళీ ఈ ఊరికి వస్తాడని ఒక నమ్మకం. నమ్మకాల మాట ఎలా ఉన్నా నీళ్ళు చల్లగా ఉన్నాయి, సీసా నింపుకోవచ్చు.

వీధుల పేర్లు వృత్తుల పేర్లు. కజాన్‌జిలుక్ రాగిపని వారిది, సరాచీ జీనులు కుట్టేవారిది, కొవాచీ కమ్మరులది. చాలా వీధుల్లో పేరే మిగిలింది, పని పోయింది. కజాన్‌జిలుక్‌లో మాత్రం సుత్తి చప్పుడు వినిపిస్తుంది. ఒక ముసలాయన రాగి పళ్ళెం మీద పువ్వులు చెక్కుతున్నాడు. పక్కన అరలో నగిషీ చెక్కిన ఇత్తడి పూలకుండీలు ఉన్నాయి. చేతిలోకి తీసుకుని చూస్తే అవి ఫిరంగి గుండ్ల తొడుగులు! 1990లలో ఊరి మీద పడ్డవాటిని, వాడి పారేసినవాటిని ఏరి ఇలా చెక్కి అమ్ముతున్నారు. కొనాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, చివరికి కాఫీ కాచుకునే చిన్న రాగిగిన్నె కొన్నాను.

భాష రాదన్న బెంగ నాకుండేది. బోస్నియా భాష స్లావ్ కుటుంబానిది, మనకు ముక్క అర్థం కాదు. అయితే ఇంట్లో ఉర్దూ వినే వారి చెవికి మధ్యమధ్యలో తెలిసిన మాటలు తగులుతాయి. దుకాణం 'దుచాన్', మొహల్లా 'మహలా', చక్కెర 'షెచెర్', కాలి జురాబులు 'చారపా', గంట 'సహత్', పుణ్యం 'సెవాప్', నీటిబుగ్గ 'చెస్మా'. రాగిపని ముసలాయన దగ్గర నేను ఒక్కొక్క వస్తువూ చూపిస్తూ ఉర్దూ మాట అనడం, ఆయన తన మాట అనడం, కలిసినప్పుడల్లా ఇద్దరం నవ్వుకోవడం. గిన్నెకు ఐదు మార్కులు తగ్గించాడు.

ఈ బజారుకు పది నిమిషాల నడకలో నాలుగు రకాల ప్రార్థనాలయాలున్నాయి. హుస్రెవ్ బేగ్ మస్జిదు సరే. ఎత్తయిన గోడ వెనుక పాత ఆర్థొడాక్స్ చర్చి ఉంది. 16వ శతాబ్దపు యూదుల సినగాగు ఉంది, ఇప్పుడది మ్యూజియం. 1492లో స్పెయిన్ రాజులు వెళ్ళగొట్టిన యూదులు ఉస్మానియా రాజ్యంలో ఆశ్రయం పొందారు. వారిలో కొందరి సంతతి ఆ శతాబ్దంలోనే ఇక్కడికి చేరి, నాలుగు వందల ఏళ్ళు ఇంట్లో పాత స్పానిష్ మాట్లాడుకుంటూ బతికారు. 1889లో పూర్తయిన కేథలిక్ కెథెడ్రల్ కూడా దగ్గర్లోనే. అందుకే దీన్ని యూరప్ జెరూసలేం అంటారు. ఈ బిరుదును గైడ్లు కాస్త ఎక్కువే వాడతారు. 1697లో ఆస్ట్రియా సేనాని యూజీన్ ఈ ఊరిని తగలబెట్టిన సంగతి, 1879 అగ్నిప్రమాదం, 1941లో నాజీల మిత్రులు సినగాగును దోచి యూదులను శిబిరాలకు పంపిన సంగతి కూడా ఆ పది నిమిషాల నడకలోనివే.

లాటిన్ వంతెన మూల

నా నల్లబల్ల వాక్యం జరిగిన చోటు ఇది. 1878లో బోస్నియా ఆస్ట్రియా-హంగరీ చేతికి వచ్చింది. 1914 జూన్ 28 ఉదయం యువరాజు, భార్య సోఫీ కారులో నది ఒడ్డు రోడ్డు మీద వస్తుంటే ఒకడు బాంబు విసిరాడు. అది వెనుక కారు దగ్గర పేలింది. యువరాజు పురపాలక భవనంలో స్వాగత సభ ముగించుకుని, గాయపడ్డవారిని చూడటానికి ఆసుపత్రికి బయలుదేరాడు. మారిన దారి సంగతి డ్రైవరుకు అందలేదు. లాటిన్ వంతెన దగ్గర తప్పు మలుపు తిప్పాడు. పొరపాటు తెలిసి కారు ఆపాడు. ఆగిన చోటే 19 ఏళ్ళ గావ్రిలో ప్రిన్సిప్ నిలబడి ఉన్నాడు. రెండే గుళ్ళు.

వంతెన చిన్నది, మూల ఇంకా చిన్నది. ఒక పలక, చిన్న మ్యూజియం, అంతే. అక్కడ నిలబడితే మన వైపు సంగతులు రెండు గుర్తొచ్చాయి. ఇదే ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1893 జనవరిలో ప్రపంచ యాత్ర చేస్తూ, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అతిథిగా హైదరాబాదు వచ్చాడు, తాండూరు వైపు వేటకు కూడా వెళ్ళాడు. రెండవది, ఈ మూల మీద పేలిన గుళ్ళ ఫలితంగా మూడు నెలలు తిరక్కుండానే, 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ నౌక మద్రాసు మీద గుళ్ళు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. అప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలకు మద్రాసే రాజధాని. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినా ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పలేదే అని ఆ వంతెన మీద నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒక పుస్తకం, ఒక అమ్మాయి

జాతీయ మ్యూజియంలో ఒక గ్రంథం ఉంది. 14వ శతాబ్దంలో స్పెయిన్‌లో రాసిన యూదుల హగ్గాదా, అంటే వారి పస్కా పండుగ రాత్రి చదువుకునే పుస్తకం. బంగారు పూతతో బొమ్మలున్నది. 1894లో ఒక యూదు కుటుంబం దగ్గర మ్యూజియం కొన్నది. 1942లో జర్మన్ జనరల్ ఒకడు దాని కోసం స్వయంగా మ్యూజియంకు వచ్చాడు. అక్కడి గ్రంథపాలకుడు డెర్విష్ కోర్కుత్ అనే ముస్లిం పండితుడు. జనరల్ పైకి వచ్చేలోపు ఆయన ఆ పుస్తకాన్ని నడుముకు దోపి కోటు గుండీలు పెట్టేసుకున్నాడు. వేరే అధికారి ముందే పట్టుకెళ్ళాడని డైరెక్టరు బొంకాడు. తర్వాత కోర్కుత్ దాన్ని కొండ గ్రామంలోని ఒక మస్జిదులో, అక్కడి పుస్తకాల మధ్య దాచించాడని చెబుతారు. యుద్ధం ముగిశాక పుస్తకం తిరిగి వచ్చింది.

అదే కాలంలో ఆయన, భార్య సెర్వెత్ ఒక యూదు అమ్మాయిని ఇంట్లో దాచారు. ముస్లిం దుస్తులు వేసి, అమీరా అని పేరు పెట్టి, పనికి వచ్చిన బంధువుల పిల్ల అని చుట్టుపక్కల వారికి చెప్పారు. దొరికితే ఇంటిల్లిపాదికీ మరణమే. కోర్కుత్‌కు ఆ తర్వాత దక్కిందేమిటంటే కమ్యూనిస్టు ప్రభుత్వ హయాంలో జైలు. 1969లో చనిపోయాడు. 1994లో ఆ అమ్మాయి వృద్ధురాలై సాక్ష్యం రాసి పంపితే, యూదులను కాపాడిన అన్యమతస్థులకు ఇజ్రాయెల్ సంస్థ యాద్ వషెమ్ ఇచ్చే గౌరవం ఆ దంపతులకు దక్కింది. కథ అక్కడితో అయిపోలేదు. 1999 కొసొవో యుద్ధంలో కోర్కుత్ కూతురు, అల్లుడు నిర్వాసితులయ్యారు. తల్లిదండ్రులకు వచ్చిన ఆ గుర్తింపు కాగితం నకలు చూసి అక్కడి యూదు సంఘం వారు ఆ ఇద్దరినీ సురక్షితంగా చేర్చారు. విమానాశ్రయంలో వారికి ఎదురొచ్చిన వారిలో ఆనాటి అమ్మాయి కొడుకు ఉన్నాడు.

1,425 రోజులు

ఈ ఊరిలో నడిచేటప్పుడు కింద చూస్తూ నడవండి. ఫుట్‌పాత్ మీద అక్కడక్కడ పువ్వు ఆకారంలో గుంటలు, వాటిలో ఎర్రటి లక్క లాంటిది పోసి ఉంటుంది. మోర్టార్ గుండు పడి మనుషులు చనిపోయిన చోట్లవి. సరాయెవో గులాబీలంటారు.

యుగోస్లావియా విచ్ఛిన్నమై బోస్నియా స్వతంత్రం ప్రకటించుకున్నాక, బోస్నియా సెర్బు సైన్యం చుట్టూ కొండలెక్కి ఊరిని ముట్టడించింది. 1992 ఏప్రిల్ 5 నుంచి 1996 ఫిబ్రవరి 29 వరకు, 1,425 రోజులు. మొదట్లో ఈ ఊరు చూసి "ఎంత అందమైన కొండలో" అనుకున్నాను. మూడో రోజుకు అదే కొండలను చూసి, అక్కడ ఫిరంగి పెడితే దాక్కోవడానికి ఏ వీధీ మిగలదని అర్థమైంది. కరెంటు లేదు, నీళ్ళు లేవు. పార్కుల్లో చెట్లు నరికి పొయ్యిలో పెట్టారు. 1984 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన స్టేడియం పక్క మైదానం శ్మశానమైంది. 1994 ఫిబ్రవరి 5న మార్కాలె కూరగాయల మార్కెట్టులో ఒక్క గుండుకు 68 మంది పోయారు. ఆ మార్కెట్టు ఇప్పటికీ నడుస్తోంది. వెనుక గోడ మీద పేర్లు, ముందు చెర్రీలు, టమోటాల బండలు. మేమూ అరకిలో చెర్రీలు కొన్నాం, కానీ అక్కడ నిలబడి తినలేకపోయాం. 2012లో ముట్టడి మొదలై 20 ఏళ్ళయిన సందర్భంగా ప్రధాన వీధి పొడవునా 11,541 ఎర్ర కుర్చీలు వేశారు, చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కొక్కటి.

1993లో విమానాశ్రయం రన్‌వే కింద నుంచి సుమారు 800 మీటర్ల సొరంగం తవ్వారు. మనిషి నిటారుగా నడవలేని ఎత్తు. తిండి, మందులు, గాయపడ్డవారు, ఆయుధాలు అన్నీ దాని గుండానే. ఊరి అవతల ఒక ఇంటి కింద దాని ద్వారం ఉంది. 20 మీటర్లు దాకా లోపలికి పోనిస్తారు. నడుము నొప్పి ఉన్నవారు కూడా ఆ కొద్ది దూరం వంగి నడిచి చూడండి.

పుస్తకాల సంగతి చెప్పాలి. 1992 మే 17న ప్రాచ్య పరిశోధనా సంస్థ మీద నిప్పు గుండ్లు పడ్డాయి. 5,263 చేవ్రాత గ్రంథాలు బూడిదయ్యాయి. ఆగస్టు 25 రాత్రి జాతీయ గ్రంథాలయం అంటుకుంది. 1914లో యువరాజు స్వాగత సభ జరిగిన పురపాలక భవనమే అది. జనం వరుసగా నిలబడి చేతి నుంచి చేతికి పుస్తకాలు అందించి కొన్ని బయట పడేశారు. మిగిలిన లక్షలాది పుస్తకాల బూడిద ఊరంతా రోజుల తరబడి రాలింది. గ్రంథాలయ ఉద్యోగిని ఐదా బుతురోవిచ్ ఆ దాడిలోనే ప్రాణం పోగొట్టుకుంది. ఆ భవనాన్ని మళ్ళీ కట్టి 2014 మే 9న తెరిచారు. రంగుల గాజు పైకప్పు చూడదగ్గది, పుస్తకాలు మాత్రం తిరిగి రాలేదు.

మరి హుస్రెవ్ బేగ్ పుస్తకాలో? అవి బతికాయి. గ్రంథాలయ అధికారి ముస్తఫా యాహిచ్, కొద్దిమంది సిబ్బంది, వారిలో గది ఊడ్చే ఆమె, కాంగో దేశం నుంచి చదువుకు వచ్చి రాత్రి కాపలాదారుగా కుదిరిన అబ్బాస్ లుతుంబా హుసేన్ కలిసి గ్రంథాలను అరటిపళ్ళ పెట్టెల్లో సర్ది, గురికాళ్ళ తుపాకుల కింద వీధులు దాటించి, పలుమార్లు చోటు మార్చారు. చేతికి చిన్న తుపాకీ కూడా లేని ఉద్యోగులు వీరు. 1537 నాటి షరతును నాలుగున్నర శతాబ్దాల తర్వాత జీతగాళ్ళు నిలబెట్టారు. 2014లో కతర్ దేశం సాయంతో కట్టిన కొత్త భవనంలో ఆ గ్రంథాలు ఇప్పుడున్నాయి.

మన సంస్థ లాంటివి ఆ రోజుల్లో ఏం చేశాయన్నది నేను అడిగి తెలుసుకున్నాను. ముస్లింల మెర్హమెత్ సంస్థ 1913 నాటిది. యూదుల లా బెనెవొలెన్సియా 1892 నాటిది. ముట్టడిలో వీరు, కేథలిక్కుల కారితాస్, సెర్బుల దొబ్రొత్వోర్ వంటశాలలు, మందుల పంపిణీ నడిపారు. లా బెనెవొలెన్సియా వారు మతం అడక్కుండా ఉచితంగా మందులిచ్చారు. ఊళ్ళో యూదులు అప్పటికి మిగిలింది కొద్దిమందే, వరుసలో నిలబడ్డవారిలో ఎక్కువమంది ఇతరులే. ఊరి రక్షణకు నిలిచిన సేనానుల్లో యొవాన్ దివ్యాక్ సెర్బు. యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లల చదువు కోసం 1994లో ఒక సంస్థ పెట్టి, 2021లో చనిపోయే వరకు దాన్నే నడిపాడు. కనుక దీన్ని మతానికీ మతానికీ మధ్య యుద్ధమని పిల్లలకు చెప్పడం తప్పు. కొండల మీది నుంచి కాల్పించిన సేనాపతి రాత్కో మ్లాదిచ్‌కు, రాజకీయ నాయకుడు రాదొవాన్ కరాజిచ్‌కు హేగ్ న్యాయస్థానం యావజ్జీవ శిక్ష వేసింది.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

మన నుంచి నేరుగా విమానం లేదు, ఇస్తాంబుల్ మీదుగానో దుబాయ్ మీదుగానో పోవాలి. డబ్బు 'మార్కు', ఒక యూరోకు దాదాపు రెండు మార్కులు. పాతబస్తీలో తిరగడానికి కాళ్ళు చాలు, పడమరకు పోవడానికి ట్రాము. పాతబజారు హోటళ్ళలో చాలావరకు హలాలే, మిగతా చోట్ల అడిగి తినండి. చెవాపీ అంటే వేలంత కబాబులు, రొట్టె మధ్యలో పచ్చి ఉల్లిపాయతో ఇస్తారు. బురెక్ అంటే మాంసం పెట్టిన పొరల రొట్టె. జున్నుదీ ఆకుకూరదీ కూడా ఉంటాయి గానీ వాటిని బురెక్ అంటే వడ్డించేవాడు నొచ్చుకుంటాడు. కారం కోసం వెతక్కండి, దొరకదు. మా ఆవిడ కట్టిచ్చిన పచ్చడి సీసా మూడో రోజున బయటికి తీశాను.

తూర్పున ఊరి చివర మేకల వంతెన అనే ఒంటి వంపు రాతి వంతెన ఉంది. హజ్‌కు, ఇస్తాంబుల్‌కు పోయే బిడారులను పూర్వం అక్కడిదాకా వచ్చి సాగనంపేవారు. యాత్రికులు అంత దూరం రారు. మీరు వెళ్ళండి, గంట నడక.

సాయంత్రానికి పసుపు బురుజు ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది. రంజాన్‌లో ఇఫ్తారు వేళ అక్కణ్ణుంచే ఫిరంగి పేలుస్తారు. ఆ ఊళ్ళో పిల్లలు ఎదురుచూసే ఫిరంగి అదొక్కటే.

చివరి రోజు మగ్రిబ్‌కు హుస్రెవ్ బేగ్ మస్జిదుకు దిగాం. పక్కనే గడియార స్తంభం. దాని ముళ్ళు మన గడియారంలా తిరగవు. సూర్యాస్తమయానికి 12 కొట్టేలా దాన్ని సర్దుతారు, అక్కణ్ణుంచే కొత్త దినం. రోజు పెరిగేకొద్దీ, తరిగేకొద్దీ ముల్లు సవరించాలి కాబట్టి 'మువెకిత్' అనే కాలగణకుడు మెట్లెక్కి ఆ పని చేస్తాడు. యంత్రం 19వ శతాబ్దంలో లండన్ నుంచి తెచ్చింది. రాత్రి ఎనిమిదిన్నర అవుతోంది, జూన్ కదా, అప్పటికి గానీ పొద్దు కుంకలేదు. అజాన్ మొదలైంది. పైన ముళ్ళు రెండూ 12 మీద ఉన్నాయి. నా చేతి గడియారం చూసుకున్నాను. వచ్చిన దగ్గర్నుంచి దాన్ని మార్చలేదు, ఇంకా మన ఊరి టైమే చూపిస్తోంది. అందులోనూ సరిగ్గా 12.

"అబ్బా, వజూ చేసుకోండి" అని మా అబ్బాయి ఫౌంటెన్ దగ్గర జాగా చూపించాడు.